మహబూబాబాద్ రైల్వే స్టేషన్

మహబూబాబాద్ రైల్వే స్టేషన్ తెలంగాణలోని మహబూబాబాద్ జిల్లా కేంద్రంలో, కాజీపేట–విజయవాడ మార్గంలో ఉంది. దక్షిణ మధ్య రైల్వే సికింద్రాబాద్ డివిజన్ కిందికి వస్తుంది. వరంగల్ నుంచి రైలులో దాదాపు 60 కి.మీ. బోర్డు మీద పేరు మహబూబాబాద్. చుట్టుపక్కల ఊళ్లవాళ్ల నోట మాత్రం ఇది మానుకోట స్టేషనే.

మహబూబాబాద్ అన్న పేరు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌ది. ఆయన 1869లో మూడేళ్లైనా నిండని పసివాడిగా గద్దెనెక్కి 1911 దాకా పాలించాడు. పాలమూరు మహబూబ్‌నగర్ అయిందీ ఆయన పేరు మీదే. ఈ దారిన రైలు వచ్చిందీ ఆయన కాలంలోనే. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే సికింద్రాబాద్ నుంచి తూర్పుకు పట్టాలు పరుచుకుంటూ పోయి 1889లో బెజవాడ చేరింది. దాని వెనక బొగ్గు ఆశ పెద్దదే. 1872లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. ఆ బొగ్గు కోసమే డోర్నకల్ నుంచి ఇల్లందు వైపు పట్టాలు చీల్చారు.

మానుకోట అంతకంటే పాత పేరు. మ్రాను అంటే చెట్టు. ఊరి చుట్టూ చెట్లు కోటగోడలా దట్టంగా ఉండేవని, మ్రానుకోటే నలిగి మానుకోట అయిందని స్థానికులు చెబుతారు. దీనికి శాసనాధారం చూపేకంటే వాడుకను చూపడమే తేలిక.

ఈ పాత పేరును రాష్ట్రమంతా మోగించింది రైల్వే స్టేషనే కావడం విశేషం. 2010 మే 28న వై.ఎస్. జగన్ ఓదార్పు యాత్ర కోసం రైలులో బయలుదేరగా, సమైక్యాంధ్ర వైపు నిలిచిన ఆయనను అడ్డుకోవడానికి తెలంగాణ ఉద్యమకారులు ఇక్కడికి పెద్దఎత్తున తరలివచ్చారు. పట్టాల మధ్య పరిచిన కంకరే చేతికందిన ఆయుధమైంది. కాల్పులు జరిగాయి, పలువురు గాయపడ్డారు. జగన్‌ను దారిలోనే వంగపల్లి దగ్గర ఆపి వెనక్కి పంపారు. ఆ తర్వాత ‘మానుకోట రాళ్లు’ ఉద్యమ సభల్లో నినాదమైపోయింది. ‘మహబూబాబాద్ రాళ్లు’ అని ఎవరూ అనలేదు. అయినా 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు కాగితం మీద మహబూబాబాదే నిలిచింది.

పేర్ల చిక్కు ఈ ఒక్క స్టేషన్‌దే కాదు. ఇదే జోన్‌లోని జనగామ పేరు జైనుల ఊరు అన్న అర్థంలో జైనగామ్ నుంచి వచ్చిందంటారు. దగ్గర్లోని కొలనుపాక జైన క్షేత్రం ఆ మాటకు బలం. ఇక డోర్నకల్ నుంచి చీలిన లైను మీద ఉన్న భద్రాచలం రోడ్ స్టేషన్ అసలు భద్రాచలంలోనే లేదు, కొత్తగూడెంలో ఉంది. రాముడి దర్శనానికి వెళ్లేవాళ్లు అక్కడ దిగి, బస్సెక్కి, గోదావరి దాటాలి.