పగడాల తొట్టికి పున్నమి

వెన్నెల నీలంగా ఉండదట. ఎండతో పోలిస్తే కాస్త పసుపు, ఎరుపు వైపే మొగ్గి ఉంటుందట. ఈ సంగతి తెలిసిన రోజు నాకు కలిగిన సంబరం ఇంతా అంతా కాదు. చంద్రుడి నేల మీది ధూళి సూర్యకాంతిలోని నీలాన్ని కొంచెం ఎక్కువగా మింగేసి మిగిలింది మనకు పంపుతుంది. మరి నీలంగా ఎందుకు తోస్తుందంటే, అది మన కంటి పని. మసకలో రంగులు పోల్చుకునే కణాలు దాదాపుగా నిద్రపోతాయి. మేలుకుని ఉండే కణాలకు నీలం, ఆకుపచ్చల మీదే మక్కువ. వేకువ మసకలో ఎర్రటివి నల్లబడతాయనీ నీలివి వెలుగుతాయనీ చెక్ శాస్త్రజ్ఞుడు పుర్కిన్యే 1819లోనే గమనించాడు.

ఆక్వేరియం షాపుకు వెళ్ళి పగడాల తొట్టికి మూన్‌లైట్ కావాలని అడగండి. చేతిలో పెట్టేది నీలి ఎల్‌ఈడీయే. సినిమాల్లో రాత్రి సీన్లకు నీలం పులిమే అలవాటు కూడా ఇదే కుదురు నుంచి వచ్చింది. నీలం చుక్కయినా లేకుండా వెన్నెల కురిపించినవాడు మనకు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే. 1957 నాటి ‘మాయాబజార్’ పడవ పాటలో ఉన్నదల్లా నలుపూ తెలుపే. అయినా చూసినవాళ్ళెవరికీ అది వెన్నెల కాదనిపించదు.

ఇంట్లో పగడాలు పెంచే ముచ్చటకు మొదలు ఎక్కడా అని వెతుకుతూ పోతే 1846లో ఒక ఇంగ్లిష్ ఇల్లాలు దొరికింది. పేరు ఆనా థిన్. భర్త వెస్ట్‌మినిస్టర్ అబీలో పెద్ద మతాధికారి. టార్కీ సముద్రతీరంలో బండలకు అంటుకున్న గిన్నె పగడాలు చూసి, లండన్ తీసుకెళ్ళాలని పట్టుబట్టింది. దారి కుదుపులకు విరిగిపోకుండా సూదీ దారంతో వాటిని పెద్ద స్పాంజికి కుట్టేసి, ఉప్పునీళ్ళ రాతి జాడీలో పెట్టుకుని బయలుదేరింది. ఆ కుట్టు పని తలుచుకున్నప్పుడల్లా ఆవిడ మీద గౌరవం పెరుగుతుంది. లండన్లో సముద్రపు నీరు ఎక్కడ దొరుకుతుంది? ఉన్న నీళ్ళే వాడాలి, అవేమో పాడైపోతున్నాయి. అందుకని తెరిచిన కిటికీ ముందు నిలబడి ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి, మళ్ళీ వెనక్కి, ముప్పావుగంట దాకా నీళ్ళు తిరగబోసే పని పనిమనిషికి పడింది. నీటిలో గాలి కలవడానికి ఆ రోజుల్లో అదే పంపు. మరుసటి ఏడు సముద్రపు నాచు అంటిన రాళ్ళు తెప్పించి నీటిలో వేశాక ఆ పనిమనిషికి కాస్త తెరిపి దొరికింది. పగడాలు బతికాయి, పిల్లలు పెట్టాయి. ఆ వివరాలన్నీ ఆవిడ 1859లో ప్రకృతి శాస్త్ర పత్రికలో అచ్చు వేయించింది. లండన్ జూలో ప్రజల కోసం మొదటి ఆక్వేరియం తెరిచింది 1853లో. దాని వెనకున్న ఫిలిప్ గాస్ పేరు అందరికీ తెలుసు, ఈవిడ పేరు తెలిసినవాళ్ళు తక్కువ. అది అన్యాయమే.

ఆ కాలపు తొట్లన్నీ కిటికీల దగ్గరే ఉండేవి. నాచు బతకాలంటే పగటి వెలుతురు కావాలి, వేరే దీపం లేదు. దాంతో పున్నమి వెన్నెల, అమావాస్య చీకటి కూడా అడగకుండానే అందేవి. కరెంటు వచ్చాక తొట్టి గోడవారకు జరిగింది. 1961లో ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ సముద్రపు రాళ్ళూ గాలి బుడగలూ తప్ప ఏమీ లేకుండా తొట్టి నడపొచ్చని రాసినప్పుడు కాసేపు మళ్ళీ ఎండ తగిలింది. 1980ల్లో జర్మన్లు మెటల్ హాలైడ్ దీపాలు వేలాడదీసి రాతి పగడాలను ఇళ్ళలోనే పెంచి చూపించారు. గొప్ప విజయమే. అయితే దానితోపాటు పొద్దున టైమర్ వేస్తే పగలు, సాయంత్రం టైమర్ ఆపితే కటిక చీకటి. నెలకొకసారి పెరిగి తరిగే వెలుగు అక్కడితో పోయింది. 1993లో జపాన్‌లో నకమురా కాంతివంతమైన నీలి ఎల్‌ఈడీ చేశాక, అది చౌకబడ్డాక, పోయిన చంద్రుడి చోట రాత్రంతా, నెలంతా ఒకేలా వెలిగే నీలి బెడ్‌లైటు వచ్చి కూర్చుంది.

పగడాలకు చంద్రుడు ఎంత ముఖ్యమో మనుషులకు తెలిసిందే ఆలస్యంగా. 1928–29లో బ్రిటిష్ బృందం ఒకటి గ్రేట్ బారియర్ రీఫ్‌లో ఏడాదిపాటు మకాం వేసి కూడా అసలు సంబరాన్ని చూడలేకపోయింది. 1981, 82ల్లో టౌన్స్‌విల్‌లోని విశ్వవిద్యాలయానికి చెందిన యువ పరిశోధకులు దగ్గరలోని మాగ్నెటిక్ ద్వీపం దగ్గర రాత్రిళ్ళు నీటిలోకి దిగి చూశారు. పున్నమి దాటిన కొద్ది రోజులకు, మన లెక్కలో బహుళ తదియ నుంచి షష్ఠి లోపు, పగడాలన్నీ ఒక్కసారిగా గుడ్లూ వీర్యమూ వదులుతున్నాయి. ముందుగా పగడంలోని ఒక్కొక్క బుల్లి జీవి, అంటే పాలిప్, నోట్లో గులాబీరంగు గింజ ఒకటి వచ్చి నిలబడుతుంది. అలా అరగంట ఆగుతుంది. తర్వాత అన్నీ కలిసి పైకి తేలిపోతాయి. ఆ సంగతి 1984లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. ఇలా చేసే జాతులు 100కు పైనే అని తర్వాత తేలింది.

మరి పున్నమి నాడే ఎందుకు కాదు? పున్నమి నాడు పొద్దు గుంకే వేళకే చంద్రుడు వస్తాడు. ఆ తర్వాత రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యం. అంటే సూర్యాస్తమయానికీ చంద్రోదయానికీ మధ్య చీకటి ముక్క ఒకటి పుట్టి రోజురోజుకూ పెరుగుతుంది. పగడాలకు సైగ ఆ చీకటే అని తైవాన్ పగడాల మీద చేసిన పరిశోధన 2021లో చూపించింది. ఈ చీకటి ముక్కకు చుట్టాలు చాలామందే ఉన్నారు. బెర్ముడా దగ్గర మెరిసే పురుగులు పున్నమి దాటాక ఇలాగే సంధ్య చీకట్లో పైకి వచ్చి వెలుగుతాయి. 1492 అక్టోబరులో నేల కనిపించే ముందు రాత్రి కొలంబస్ చూసిన, మైనపువత్తిలా పడిలేచిన దీపం ఇవేనని క్రాషే అనే జీవశాస్త్రజ్ఞుడు 1935లో వాదించాడు. సమోవా వాసులు బహుళ అష్టమి దరిదాపుల్లో వలలు పట్టుకుని పలోలో పురుగుల కోసం కాచుకుంటారు. వాళ్ళకది ఏటా వచ్చే విందు.

నీలం రంగును మాత్రం తప్పుపట్టను. నీరు ఎరుపును ముందే మింగేస్తుంది కాబట్టి లోతున ఉన్న పగడానికి చేరే వెన్నెల నిజంగానే నీలం. పగడాల్లో నీలికాంతిని పసిగట్టే ప్రొటీన్లున్నాయని 2007లో తేలింది కూడా. చిక్కంతా ఆ దీపం ఎంత కాంతితో, ఎంతసేపు వెలుగుతుందన్న దగ్గరే. లండన్ హార్నిమన్ మ్యూజియంలో జేమీ క్రాగ్స్ బృందం 2012 నుంచి ఎండ, వేడి, పగటి నిడివి, చంద్రుడి పెరుగుదల తరుగుదల అన్నీ యంత్రాలతో నకలు చేసి, సముద్రం మొహం చూడని తొట్లలో పగడాల చేత అనుకున్న వేళకు గుడ్లు పెట్టించింది. ఇదే తీరున 2019లో ఫ్లోరిడా ఆక్వేరియం స్తంభపు పగడం చేత ప్రయోగశాలలో తొలిసారి గుడ్లు పెట్టించింది.

మన దేశంలో రాతి పగడాలు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, సముద్రంలోంచి తీయడం, అమ్మడం నేరం. బయటి దేశాల్లో చట్టబద్ధంగా పెంచే మనవాళ్ళు దీపం ఎంచుకునేటప్పుడు రంగు గురించి తల పగలగొట్టుకోనక్కర్లేదు. గదంతా ఆర్పి ఇరవై నిమిషాలు కూర్చోండి. ఆ వెలుతురులో చేపల రంగులు స్పష్టంగా తెలుస్తున్నా, పేపర్లో చిన్న అక్షరాలు చదవగలుగుతున్నా అది వెన్నెలను మించిపోయినట్టే. నిండు పున్నమి వెన్నెల 0.3 లక్స్ కూడా దాటడం అరుదు. బాగా తగ్గించగలిగేది, తిథిని బట్టి తనంతట తానే పెరిగి తరిగేది, పున్నమి దాటాక రోజూ ఆలస్యంగా వెలిగేది, అమావాస్య రాత్రి పూర్తిగా ఆరిపోయేది కొనండి. అలాంటిది దొరక్కపోతే అసలు ఏ దీపమూ లేకుండా ఉంచడమే మేలని నా నమ్మకం. తొట్టి పక్కన టీవీ వెలుగు, వీధి దీపం పడకుండా మందపాటి తెర వేయండి. రేవుల, ఊళ్ళ వెలుగు పడుతున్న చోట్ల పగడాలు సంతానోత్పత్తిని ఒకటి నుంచి మూడు రోజులు ముందుకు, పున్నమికి దగ్గరగా జరుపుకుంటున్నాయని 2023లో ప్రచురించిన అధ్యయనం చెబుతోంది.