ప్రాగ్ పాతపట్నంలో కాలినడక పర్యటన

చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్‌లోని చారిత్రక ప్రాంతాన్ని గైడు వెంట నడుస్తూ చూసే పర్యటన ఇది. ఈ ప్రాంతం 1992లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. చాలా నడకలు పౌడర్ టవర్ దగ్గర మొదలై, బొహీమియా రాజుల పట్టాభిషేక ఊరేగింపు సాగిన దారి వెంటే ప్రాగ్ కోట వైపు వెళతాయి.

అందరూ ఆగేది పాత టౌన్‌హాల్ గోడకున్న 1410 నాటి ఖగోళ గడియారం ముందు. గంట కొట్టే వేళకు పైన రెండు కిటికీలు తెరుచుకుంటాయి. తర్వాతి కాలంలో అమర్చిన అపొస్తలుల బొమ్మలు ఒకదాని వెనక ఒకటి వాటిలో కనిపిస్తాయి. పక్కన ఒక అస్థిపంజరం తాడు లాగి గంట మోగిస్తుంది. ఆ సందడిలో, కొద్ది అడుగుల దూరంలోనే నేలలో పొదిగిన 27 తెల్లని శిలువలు చాలామంది కంట పడవు. హాబ్స్‌బర్గ్ పాలనపై తిరగబడి ఓడిన 27 మందికి 1621 జూన్ 21న మరణశిక్ష అమలు చేసిన చోటది. మొత్తం నడకలో ఎక్కువసేపు నిలబడాల్సిన చోటు ఇదే.

కోటకు వెళ్లే ఈ దారి వ్ల్తావా నదిని దాటేది చార్లెస్ వంతెన మీదుగా. దాని నిర్మాణాన్ని బొహీమియా రాజు నాలుగో చార్లెస్ 1357లో ప్రారంభించాడు. పొడవు సుమారు 516 మీటర్లు. దానిపై ఉన్న 30 విగ్రహాల్లో చాలావరకు నకళ్లు. అసలైనవాటిని మ్యూజియంలో భద్రపరిచారు. పగలంతా వంతెన కిక్కిరిసి ఉంటుంది కనుక తెల్లవారుజామున వెళ్లడం మేలు.