కౌంటర్‌ఫాయిల్ ఎవరి దగ్గరుంది?

2020 వేసవిలో ఆఫీసుకి తాళం పడ్డాక లాప్‌టాప్ సంచీలో వేసుకుని ఉప్పాడ వచ్చేశాను. ముందు గదిలో పెద్దనాన్న మగ్గం, వెనక గదిలో నా టేబులు. మీటింగుల్లో మ్యూట్ తీసినప్పుడల్లా నాడె చప్పుడు అందరికీ వినపడేది. అదేమిటని అడిగితే జాందానీ చీర అని చెప్పేవాణ్ణి. అలాంటి ఓ మధ్యాహ్నం కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఉద్యోగుల అభిప్రాయ సేకరణ, పేర్లుండవు, నిర్భయంగా చెప్పండి అని. లింకు చివర పొడవాటి అక్షరాల తోక ఒకటి ఉంది. పక్క టీములో స్నేహితుణ్ణి అడిగి అతని లింకు చూస్తే తోక వేరేగా ఉంది. ఈ సంగతి భోజనాల దగ్గర నవ్వుతూ చెబితే పెద్దనాన్న నవ్వలేదు. "పేర్లు లేవన్నారు కదరా, మరి నీకో కాయితం, ఆడికో కాయితం ఎందుకిచ్చారు?" అన్నాడు.

నేను అన్నింటికీ 'చాలా సంతృప్తి' అని నొక్కేశాను. నెల తిరిగాక మా మేనేజరు మీటింగులో స్కోర్లు చూపించాడు. మా టీములో ఉన్నది నలుగురం. నలుగురి సగటు తగ్గిందంటే తగ్గించింది ఎవరో కనుక్కోడానికి తోకలూ టోకెన్లూ అక్కర్లేదు, కూడికలొస్తే చాలు. అంతకుముందు వారమే రాత్రి డ్యూటీల గురించి గట్టిగా మాట్లాడిన అమ్మాయి ఒకామె ఉంది. అందరం ఆమె ఉన్న చిన్న వీడియో డబ్బా వైపే చూశాం. రెండు నెలల్లో ఆమె వేరే ప్రాజెక్టుకి వెళ్లిపోయింది. అవే రాత్రి డ్యూటీలు నావి కూడా.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పనిచేసే చోట రహస్యంగా ఓటేయడమనే సంగతి మీద నాకు ఆసక్తి పుట్టింది అక్కడే కాబట్టి. మన దగ్గర దాని చరిత్ర చదువుతూ పోతే తెలిసిందేమిటంటే, ఊళ్లో సర్పంచిని ఎన్నుకోడానికి రహస్య బ్యాలెట్ సులభంగానే ఒప్పుకున్న మనం, ఫ్యాక్టరీలో సంఘాన్ని ఎన్నుకోడానికి మాత్రం దశాబ్దాలు కొట్టుకున్నాం.

1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం సంఘాన్ని రిజిస్టరు చేసుకోనిచ్చింది గానీ, యాజమాన్యం దాన్ని గుర్తించి తీరాలని చెప్పలేదు. ఆ లోటు తీర్చడానికి 1947లో ఒక సవరణ పాసయింది. అది అమల్లోకి రానేలేదు. 1958లో క్రమశిక్షణా నియమావళి ఒకటి వచ్చింది. అది చట్టం కాదు, పెద్దమనుషుల ఒప్పందం లాంటిది. దాని ప్రకారం ఎక్కువమంది సభ్యులున్న సంఘానికి గుర్తింపు. ఎక్కువమంది అని తేల్చేదెలా? కార్మిక శాఖ వాళ్లు వచ్చి సభ్యత్వ రిజిస్టర్లు, చందా రసీదులు తనిఖీ చేస్తారు. ఇక ఊహించుకోవచ్చు. ఒకే మనిషి దగ్గర మూడు సంఘాల రసీదులుంటాయి. అడిగినవాళ్లందరికీ చందా ఇచ్చేస్తే గొడవుండదని అతని లెక్క. చందా రసీదు చెప్పేది మనిషి ఎవరి మాట కాదనలేకపోయాడన్నది మాత్రమే. రెండో దారి చెక్-ఆఫ్, అంటే జీతంలోంచే చందా కోసి సంఘానికి ఇవ్వడం. ఇందులో దొంగ రసీదుల బెడద లేదు. కాకపోతే ఎవరు ఏ సంఘంలో ఉన్నారో జీతాలిచ్చే గుమస్తాకి పేరుపేరునా తెలుస్తుంది. కాంగ్రెస్ వైపున్న ఐఎన్‌టీయూసీ తనిఖీ పద్ధతే మేలంది. కమ్యూనిస్టుల ఏఐటీయూసీ రహస్య బ్యాలెట్ కావాలంది. ప్రభుత్వం ఎవరిదైతే తనిఖీ అధికారులు వాళ్ల మనుషులే కాబట్టి ఈ రెండు వాదనల్లోనూ సిద్ధాంతం పాలు కొంత తక్కువేనని నా అనుమానం.

ఈ కథలో మన వి.వి. గిరి గారిని దాటి వెళ్లలేం. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని బరంపురంలో పుట్టారు. రైల్వే కార్మికుల మధ్య పనిచేశారు. 1937లో బొబ్బిలి రాజాని ఓడించి రాజాజీ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. 1952లో కేంద్రంలోనూ అదే శాఖ. బ్యాంకు ఉద్యోగుల అవార్డుని ప్రభుత్వం మార్చిందని 1954లో రాజీనామా ఇచ్చారు. తగాదాల్ని కోర్టులకీ ట్రిబ్యునళ్లకీ తోయకుండా యాజమాన్యం, సంఘం ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలన్నది ఆయన పట్టు. దానికి 'గిరి అప్రోచ్' అని పేరు కూడా పడింది. కానీ ఎదురుగా కూర్చునే సంఘం ఏదో ముందు తేలాలి కదా, చిక్కంతా అక్కడే. తమాషా ఏమిటంటే, 1969లో ఆయన్ని రాష్ట్రపతిని చేసింది రహస్య బ్యాలెట్టే. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి మరో తెలుగాయన, నీలం సంజీవరెడ్డి. ఇందిరాగాంధీ ఆత్మప్రబోధం ప్రకారం ఓటేయమన్నారు. ఎవరు ఎటు వేశారో చూసే వీల్లేదు కాబట్టే ఆ ప్రబోధం పనిచేసింది. మొదటి ప్రాధాన్యం ఓట్లతో తేలక, రెండో ప్రాధాన్యం ఓట్ల లెక్కకి వెళ్లి గిరి గెలిచారు.

ఇక్కడ కొంచెం పక్కదారి. ఇప్పుడు మనకి తెలిసిన రహస్య బ్యాలెట్, అంటే ప్రభుత్వమే అచ్చేసిన కాగితం మీద తెరచాటున గుర్తు పెట్టడం, 1856లో ఆస్ట్రేలియా వలస రాష్ట్రాల్లో మొదలైంది. బ్రిటన్‌కి 1872లో వచ్చింది. మన మొదటి సార్వత్రిక ఎన్నికల్లో కాగితం మీద గుర్తే లేదు. అభ్యర్థికో పెట్టె, పెట్టె మీద గుర్తు, నచ్చిన పెట్టెలో కాగితం పడేసి రావడం. చదువురాని దేశానికి అది చక్కటి ఉపాయమే. కానీ కాగితం పెట్టెలో వేయకుండా జేబులో పెట్టుకొచ్చి బయట అమ్ముకోడానికి కూడా అంతే చక్కటి ఉపాయం. తర్వాత కాగితం మీద ముద్ర వేసే పద్ధతికి మారాం.

నన్ను అసలు ఆపేసిన వివరం వేరే. మన పేపర్ బ్యాలెట్ మీద వరుస సంఖ్య ఉంటుంది. చింపిన తర్వాత మిగిలే కౌంటర్‌ఫాయిల్ మీద ఓటరు జాబితాలో మన నంబరూ, మన సంతకమో వేలిముద్రో ఉంటాయి. రెండూ పక్కపక్కన పెడితే ఎవరు ఎవరికి వేశారో దొరికిపోతుంది. నా లింకు చివర తోక కూడా సరిగ్గా ఇదే! దొంగ ఓటు పడకుండా, ఒకరు రెండుసార్లు వేయకుండా చూడాలంటే ఏదో ఒక తోక ఉండక తప్పదు. ఇంజనీరుగా నాకది తెలియాల్సింది, కోపంలో మర్చిపోయాను. తేడా ఎక్కడంటే, ఎన్నికల్లో కౌంటర్‌ఫాయిళ్లు సీలు వేసిన కట్టలో ఉంటాయి. కోర్టు చెబితే తప్ప ఆ సీలు విప్పకూడదు. నా తోక మాత్రం నాకు జీతమిచ్చేవాడి సర్వర్లో ఉంది.

1995లో సుప్రీంకోర్టు ముందుకి ఫుడ్ కార్పొరేషన్ సిబ్బంది సంఘం కేసు వచ్చింది. చెక్-ఆఫ్‌కి కాలం చెల్లిందని, రహస్య బ్యాలెట్టే మేలని కోర్టు చెప్పి, ఎన్నిక జరపాల్సిన తీరు కూడా నిర్దేశించింది. అందులో నాకు ముఖ్యంగా కనిపించింది ఒకటే. మస్టర్ రోల్ యాజమాన్యం దగ్గరే ఉన్నా, ఎన్నిక నడిపేది మాత్రం కార్మిక శాఖ నియమించిన రిటర్నింగ్ అధికారి. అంటే కౌంటర్‌ఫాయిల్ యజమాని చేతికి పోదు.

దీన్ని తెలుగు నేల మీద పెద్ద ఎత్తున చేసి చూపించింది సింగరేణి. 1990ల మొదట్లో అక్కడ ఏడాదికి వందల సమ్మెలు జరిగేవి. ఒక బాయిలో ఒక సంఘం పని ఆపిస్తే, పక్క బాయిలో ఇంకో సంఘం ఇంకో కారణానికి ఆపించేది. పరిశ్రమ నష్టాల్లో కూరుకుపోయి బీఐఎఫ్‌ఆర్ గడప తొక్కింది. ఎవరితో ఒప్పందం చేసుకున్నా మిగతావాళ్లు ఒప్పుకోరు. చివరికి 1998లో గుర్తింపు సంఘం కోసం రహస్య బ్యాలెట్ పెట్టారు. నడిపింది కేంద్ర కార్మిక శాఖ. మొదటిసారి ఏఐటీయూసీ గెలిచింది. ఆ తర్వాత 2001, 2003, 2007, 2012, 2017, 2023 సంవత్సరాల్లో ఎన్నికలు జరిగాయి. 2003లో ఐఎన్‌టీయూసీ, తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న 2012లో తెలంగాణ బొగ్గుగని కార్మిక సంఘం గెలిచాయి.

బొగ్గు ఊళ్లలో అది మామూలు ఎన్నికే, ఇంకా చెప్పాలంటే అసెంబ్లీ ఎన్నిక కంటే గట్టిది. గేట్ మీటింగులు, గుర్తులు (ఏఐటీయూసీది నక్షత్రం, ఐఎన్‌టీయూసీది గడియారం, బొగ్గుగని కార్మిక సంఘానిది బాణం), మంత్రుల ప్రచారాలు, వాగ్దానాలు. తండ్రి దిగిపోతే కొడుక్కి ఉద్యోగం ఇప్పిస్తామన్న వాగ్దానం మీద ఎన్నికలకి ఎన్నికలే నడిచాయి. ఆ వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేస్తే, దాని స్థానంలో కారుణ్య నియామకాలన్న మాట వచ్చింది. పోలింగ్ తొంభై శాతం దాటుతుంది. మన నగరాల్లో ఎమ్మెల్యేలకి ఆ అదృష్టం లేదు.

2023 డిసెంబరు 27న జరిగిన ఎన్నిక నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ. మొత్తం 11 ఏరియాలు. ఆరింటిలో ఐఎన్‌టీయూసీకి, అయిదింటిలో ఏఐటీయూసీకి ఆధిక్యం వచ్చింది. కానీ మొత్తం ఓట్లు కలిపితే ఏఐటీయూసీ 1,999 ఓట్లతో ముందుంది. అందుకని కంపెనీ మొత్తానికి గుర్తింపు సంఘం ఏఐటీయూసీ. ఏరియాల్లో ప్రాతినిధ్య సంఘాలు మాత్రం ఎక్కడ ఎవరు గెలిస్తే వాళ్లు. ఇంకో సంగతి చూడండి. దానికి ఇరవై రోజుల ముందే రాష్ట్రంలో కాంగ్రెస్ ప్రభుత్వం వచ్చింది. సింగరేణిలో 51 శాతం వాటా రాష్ట్ర ప్రభుత్వానిదే. కొత్త యజమాని పార్టీకి అనుబంధమైన సంఘం బ్యాలెట్ మీద ఉండగా, కార్మికులు దాన్ని కాదని ఇంకోదాన్ని ఎన్నుకోగలిగారు. చేతులెత్తే పద్ధతిలో ఇదే ఫలితం వచ్చేదా అంటే నాకు నమ్మకం లేదు.

అయితే ఇక్కడా నా నలుగురి టీము సమస్య పూర్తిగా పోలేదు. మనిషి ఓటు రహస్యమే, ఏరియా ఓటు మాత్రం బహిరంగం. ఏ ఏరియా ఎవరికి వేసిందో మర్నాడు పేపర్లో వస్తుంది. సార్వత్రిక ఎన్నికల్లో బూత్‌ల వారీ లెక్క బయటపడకుండా కొన్ని యంత్రాల ఓట్లు కలిపి చూపించే టోటలైజర్ వాడదామని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. ప్రభుత్వాలకి అది రుచించలేదు.

రహస్యం పోతే ఏమవుతుందో చూడాలంటే తెలంగాణ ఆర్టీసీ ఉంది. అక్కడా గుర్తింపు ఎన్నికలు రహస్య బ్యాలెట్‌తోనే జరిగేవి. 2019లో 52 రోజుల సమ్మె ముగిశాక ప్రభుత్వం సంఘాల్ని పక్కన పెట్టి డిపోకి ఇద్దరు చొప్పున ఉద్యోగులతో సంక్షేమ మండళ్లు వేసింది. రెండేళ్లపాటు సంఘాల ఎన్నికలు వద్దంటూ సిబ్బంది నుంచి సంతకాలు తీసుకుంటున్నారని అప్పట్లో వార్తలొచ్చాయి. ఓటు అక్కర్లేదన్న అభిప్రాయాన్ని పేరు రాసి సంతకం పెట్టి చెప్పాలన్నమాట. రెండు నెలలు జీతం లేకుండా గడిపి, మళ్లీ డ్యూటీలోకి తీసుకుంటే చాలనుకునే మనిషి ఆ కాగితం మీద ఏం రాస్తాడు?

పెట్టె ఎక్కడుందన్నది కూడా చిన్న విషయం కాదు. 2021లో అమెరికాలోని అలబామా రాష్ట్రం బెస్సెమర్‌లో అమెజాన్ గోదాము ఉద్యోగులు సంఘం కావాలా వద్దా అని పోస్టులో ఓట్లేశారు. వద్దన్నవాళ్లు 1,798, కావాలన్నవాళ్లు 738. కానీ కంపెనీ అడిగి మరీ గోదాము ఆవరణలోనే ఒక పోస్టు డబ్బా పెట్టించుకుంది. ఓట్లు కంపెనీ చేతిలో ఉన్నాయన్న భావన దానివల్ల కలుగుతుందని కార్మిక బోర్డు ఆ ఎన్నికని రద్దు చేసి మళ్లీ జరపమంది. డబ్బాలో ఎవరో చెయ్యి పెట్టారని కాదు. చూస్తున్నారేమో అనిపించడమే చాలు.

కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. మస్టర్ రోల్‌లో ఉన్నవాళ్లలో 51 శాతం మద్దతున్న సంఘానిదే చర్చలు జరిపే హక్కు. ఎవరికీ అంత లేకపోతే 20 శాతానికి ఒకరు చొప్పున మండలి. ఆ మద్దతుని ఎలా తేల్చాలో కోడ్ తనంతట తాను చెప్పదు, నిబంధనలకి వదిలేసింది. మళ్లీ రసీదుల దగ్గరికి వెళ్లమనే ఆశిద్దాం.

మస్టర్ రోల్ అన్న మాట దగ్గర నేనింకా ఆగిపోతుంటాను. సింగరేణిలో 2017లో ఓటర్లు 52 వేల పైచిలుకు, 2023కి దాదాపు 40 వేలు. బొగ్గు తవ్వకం ఆగిపోలేదు. ఆ పని చేస్తున్న కాంట్రాక్టు కార్మికులకి మాత్రం ఈ ఎన్నికలో ఓటు లేదు. తెర ఎంత మందంగా ఉన్నా జాబితాలో పేరు లేనివాడికి దాంతో పనేముంది? ఈ మాటే పెద్దనాన్నతో అన్నాను. ఆయన నేసేది మాస్టర్ వీవర్ ఇచ్చిన నూలు, జరీతో. మగ్గం మాది, ఇల్లు మాది, చీర మాది కాదు. సొసైటీలో సభ్యుడు కాదు. "నన్నెవడూ ఏదీ అడగలేదు కదరా, ఇంక దాచుకోడానికేటుంది" అని పోగు అతకడంలో పడ్డాడు.

ఈ ఏడాది సర్వే లింకు సోమవారం వచ్చింది. ఈసారి టీములో ఆరుగురం. తోక అలాగే ఉంది. గడువు శుక్రవారం సాయంత్రం దాకా, ఇంకా తెరవలేదు.