పూటకూళ్ళమ్మ ఇరవై రూపాయలు



గురజాడవారి 'కన్యాశుల్కం' పేరు వినని తెలుగువారు ఉండరు. 1892లో మొదటిసారి ప్రదర్శించారు. ఇప్పుడు మనం చదువుకునేది 1909లో వారు పెంచి రాసిన ప్రతి. అందులో పూటకూళ్ళమ్మ చీపురుకట్ట పట్టుకుని గిరీశం కోసం వస్తే మనమంతా పడీ పడీ నవ్వుతాం. కాని ఆవిడ గొడవ ఏమిటో ఎప్పుడైనా ఆలోచించారా? సంతలో సామాను కొనిపెడతానని చెప్పి గిరీశం ఆవిడ దగ్గర 20 రూపాయలు పుచ్చుకున్నాడు. ఆ డబ్బు తన సరదాలకు ఖర్చు పెట్టేశాడు.

నాటకంలో అది హాస్యమే. వంటింటి లెక్కలో మాత్రం హాస్యం కాదు. ఆ 20 రూపాయలు ఆవిడ లాభం కాదు, పెట్టుబడి. సంత సామాను రాకపోతే పొయ్యి వెలగదు. పొయ్యి వెలగకపోతే పూట డబ్బు రాదు. పూట డబ్బు రాకపోతే వచ్చే సంతకు చేతిలో ఏమీ ఉండదు. భర్త పోయిన ఆడదానికి చదువూ ఉద్యోగమూ లేని ఆ రోజుల్లో, ఒకరి దగ్గర చెయ్యి చాచకుండా బతకడానికి మిగిలిన దారి అదొక్కటే. ఆవిడ కోపం అందుకు.

అన్నం అమ్ముకోవడం తప్పని మన పెద్దవాళ్ళు అంటూ ఉండేవారు. కాని ఆ పని మనకు కొత్తదేమీ కాదు. కాకతీయుల నాటి ఓరుగల్లును వర్ణించిన 'క్రీడాభిరామం'లో ఒక పూటకూళ్ళ ఇంటి భోజనం వస్తుంది. మేలురకం బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. ఇదంతా ఒక్క రూకకు. వంట ఇంత, ధర ఇంత అని ముందే తేల్చి చెప్పే పద్ధతి అప్పటికే ఉన్నదన్నమాట.

ఇక మన బెజవాడ సంగతి. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. కాలువలు పొలాలకు నీళ్ళివ్వడమే కాదు, పడవలనూ నడిపాయి. 1893లో కృష్ణ మీద రైలు వంతెన వచ్చాక బెజవాడ నాలుగు దిక్కుల జనం దిగే కూడలి అయింది. ప్రయాణికుడున్న చోట అన్నం అమ్మేవారూ ఉండాలి కదండీ. అలా ఈ ఊళ్ళో అన్నానికి గిరాకీ ఏనాడూ తగ్గలేదు. ఈవేళ కూడా వీధికొకరు ఇంట్లో పొడులో, పచ్చళ్ళో, పిండివంటలో చేసి అమ్ముతూనే ఉన్నారు. వీళ్ళకు వంట ఎవరూ నేర్పనక్కరలేదు. చెయ్యి తిరిగిన వంటకత్తెలు కూడా రెండేళ్ళకే ఎందుకు మూసేస్తున్నారన్నదే ప్రశ్న.

మా వీధిలో ఒకావిడ ఆవకాయ అమ్మేది. రుచికి తిరుగులేదు. సరుకులకు ఎంతయిందో రాసుకుని, పైన 50 రూపాయలు వేసుకుని ఇచ్చేది. ఉదాహరణకు కిలోకి సరుకులు 200 అయ్యాయనుకోండి, 250కి అమ్మితే 50 లాభమని ఆవిడ లెక్క. సీసాకూ, మూతకూ, ఆటోకూ 30 పోతుంది. కాయ కడిగి, తుడిచి, కొట్టించి, కలిపి, మూడోనాడు తిరగకలిపినందుకు 40 అయినా కూలి కట్టాలి. మొత్తం 270. అంటే ప్రతి కిలోకీ ఆవిడ 20 రూపాయలు ఎదురిచ్చి మరీ అమ్ముతున్నది. మనం ఇంట్లో ఏనాడూ మన చేతికి కూలి కట్టుకోలేదు. ఆ అలవాటే వ్యాపారంలోకి కూడా మనవెంట వస్తుంది.

చేతి శ్రమకు విలువ కట్టడం ఎలాగో మన బందరు లడ్డూను చూస్తే తెలుస్తుంది. శనగపిండిని పూసలా వేయించి, రోట్లో దంచి, జల్లించి, బెల్లం పాకంలో కలిపి మళ్ళీ దంచుతారు. అందుకే దాన్ని తొక్కుడు లడ్డూ అన్నారు. శనగపిండీ బెల్లమూ ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి. మనం డబ్బిచ్చేది ఆ రోకటిపోటుకు. 2017లో ఈ లడ్డూకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

కూలి ముందు, లాభం తరువాత అన్న సూత్రాన్ని ఆడవాళ్ళే కూర్చుని అమలు పెట్టిన కథ బొంబాయిలో ఉన్నది. 1959 మార్చి 15న గిర్‌గాంలో ఏడుగురు గృహిణులు 80 రూపాయలు అప్పు తెచ్చి అప్పడాలు వత్తారు. మొదటి రోజు తయారైనవి నాలుగు పొట్లాలు. అదే నేటి లిజ్జత్ పాపడ్. నష్టం వచ్చినా సరే, విరాళం మాత్రం పుచ్చుకోకూడదని వాళ్ళు మొదట్లోనే కట్టుబడ్డారు. వత్తిన అప్పడాలకు కూలి ఏ రోజుది ఆ రోజు. లాభం పంపకం వేరే. 1966లో సంస్థగా రిజిస్టరు చేసుకున్నారు. వాళ్ళలో ఒకరైన జస్వంతీబెన్ పోపట్‌గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది.

అయితే అప్పడం డబ్బు త్వరగా తిరిగి వస్తుంది. ఆవకాయ సంగతి అలా కాదు. ఇడ్లీ అమ్మితే పొద్దున్న పెట్టిన డబ్బు పది గంటలకు చేతికొస్తుంది. ఆవకాయకు ఎండాకాలంలో నాలుగైదు వారాలే కాయ దొరుకుతుంది. కాయ, కారం, ఆవపిండి, నూనె అన్నీ అప్పుడే కొనాలి. అమ్మకం ఏడాది పొడుగునా సాగుతుంది. అంటే మన డబ్బు జాడీల్లో నిద్రపోతుంది. ఆ నిద్రకు తాళలేక వడ్డీకి తెస్తే, లాభం వడ్డీవాడిది.

ఆ పెట్టుబడి ఎక్కణ్ణించి రావాలి? దీనికి జవాబు కూడా మన రాష్ట్రపు ఆడవాళ్ళే చెప్పారు. నెల్లూరు జిల్లా సారా వ్యతిరేక ఉద్యమం తరువాత 1990 దశకంలో రోజుకో రూపాయి దాచే పొదుపులక్ష్మి సంఘాలు వెలిశాయి. 1982లో మొదలైన డ్వాక్రా పథకానికి వాటితో బలం వచ్చింది. 1992లో నాబార్డు సంఘాలను బ్యాంకులతో కలిపింది. 2020లో చిన్న ఆహార పరిశ్రమల కోసం కేంద్రం తెచ్చిన పథకంలో సంఘ సభ్యురాలికి 40 వేల వరకు మూలధనం అన్నారు. పూటకూళ్ళమ్మకు ఇవేవీ లేవు. ఉన్నవల్లా ఆ 20 రూపాయలే.

కనుక అమ్మా, ముందు ఒక పుస్తకం కొనండి. సరుకులు ఒక వరసలో, సీసాలూ గ్యాసూ ఆటో ఒక వరసలో, మీ చేతికూలి మూడో వరసలో రాయండి. మూడూ కలిపాకే ధర చెప్పండి. ఆ ధరకు కొనేవారు లేకపోతే ఆ వస్తువు వదిలి వేరొకటి చెయ్యండి గాని, మూడో వరస కొట్టెయ్యకండి. పెట్టుబడి డబ్బు పోపులడబ్బాలో కలపకండి, విడిగా ఉంచండి. ఈ రోజుల్లో డబ్బంతా ఫోనులో వస్తున్నది కనుక ఆ ఖాతా మీ పేరునే ఉండనివ్వండి.

గిరీశం వేషాలు చాలా ఉంటాయి. వచ్చే నెల ఇస్తానన్న అరువు ఒక గిరీశమే. చుట్టాలే కదా అని పంపిన కిలో సీసా ఒక గిరీశమే. పండక్కి చీర కొందామని గల్లాపెట్టెలోంచి మనమే తీసుకున్న వెయ్యి రూపాయలూ గిరీశమే. సంత సొమ్ము సంతకే వెళ్ళాలి.