సయ్యద్ ఆబిద్ అలీ గారు: ఆటగాడు, ఉస్తాద్



ఆదివారం వచ్చిందంటే మన కాటేదానులో ఫ్యాక్టరీల మోత కొంత తగ్గుతుంది. షెడ్డు గోడ మీద బొగ్గుతో మూడు గీతలు గీసి పిల్లలు క్రికెట్టు మొదలుపెడతారు. ప్రతివాడికీ బ్యాటింగే కావాలి. బంతి మోరీలో పడితే తెచ్చేవాడు మాత్రం దొరకడు! అట్లా బంతి వెంట పరుగెత్తడం వల్లనే పైకి వచ్చిన మన హైదరాబాదు మనిషి ఒకరున్నారు. వారి చరిత్రను ఈ సంచికలో నాలుగు మాటలలో విన్నవించుకుంటాను.

సయ్యద్ ఆబిద్ అలీ గారు 1941 సెప్టెంబరు 9న హైదరాబాదులో జన్మించారు. 1956లో హైదరాబాదు స్కూళ్ల జట్టుకు ఎంపిక చేసినవారి కంటికి ముందుగా ఆనింది వారి ఫీల్డింగే. మొదట్లో వికెట్ కీపరు, తరువాత బౌలరు అయ్యారు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదు క్రికెట్ జట్టు పెట్టినప్పుడు అందులో ఉద్యోగం దొరికింది. ఆ రోజులలో ఆటతో ఇల్లు గడిచేది కాదు. బ్యాంకు నౌకరీయే అన్నం పెట్టేది. (ఆ బ్యాంకు 2017లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది.)

1959–60లోనే రంజీ ట్రోఫీ ఆడినా, అందులో మొదటి సెంచరీ 1967లో గాని రాలేదు. ఎనిమిదేండ్ల సబర్ చూడండి! ఆ ఏడే ఎవరూ అనుకోకుండా ఆస్ట్రేలియా ప్రయాణానికి పిలుపు వచ్చింది. అడిలైడ్ టెస్టులో కెప్టెన్ పటౌడీ ఆడలేకపోగా ఆ చోటు వీరికి దక్కింది. తొలి టెస్టులోనే 55 పరుగులిచ్చి 6 వికెట్లు తీశారు. రెండు ఇన్నింగ్సులలోనూ 33 చొప్పున కొట్టారు. సిడ్నీలో 78, 81. ఆ సిరీస్ మనం నాలుగు టెస్టులూ ఓడినదే, కాని ఈ మనిషి మాత్రం నిలబడ్డాడు.

1971 సంవత్సరం మన దేశపు క్రికెట్టుకు పండుగ వంటిది. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో వెస్టిండీస్ మీద గెలిచినప్పుడు గవాస్కర్‌కు అవతలి కొసన నిలబడి ఉన్నది ఆబిద్ అలీ గారే. ఆగస్టు 24న ఓవల్‌లో ఇంగ్లాండ్ మీద 173 పరుగుల లక్ష్యం ముగిసినప్పుడు, లక్‌హర్స్ట్ బంతిని బౌండరీకి పంపినదీ వారే. ఇంగ్లాండ్ గడ్డ మీద మనకు అదే మొదటి టెస్టు గెలుపు.

అయినా ఆ గెలుపు అనగానే చంద్రశేఖర్ 6 వికెట్లే జ్ఞాపకం వస్తాయి. న్యాయమే. కాని అది స్పిన్నర్ల కాలం. కొత్త బంతితో నాలుగు ఓవర్లు వేసి, దాని మెరుపు పోగొట్టి స్పిన్నరు చేతికివ్వడం, ఆపైన బ్యాటు దగ్గరగా నిలబడి క్యాచ్‌లు పట్టడం, ఏ చోట పంపితే ఆ చోట బ్యాటింగుకు దిగడం, ఇదీ వారి పని. లెక్కలో కనబడని మెహనత్ అది. 29 టెస్టులలో 1018 పరుగులు, 47 వికెట్లు. 1975 ప్రపంచ కప్పులో న్యూజిలాండ్ మీద 70 పరుగులు చేసి కూడా, ఆ తరువాత దేశానికి ఆడే అవకాశం రాలేదు.

ఆట మానినాక చాలామంది పాత కథలు చెప్పుకుంటూ కూర్చుంటారు. వీరు ఉస్తాద్ అయ్యారు. హైదరాబాదు జూనియర్లకు, 1990 దశకం చివర మాల్దీవులకు, తరువాత ఆంధ్ర రంజీ జట్టుకు, యు.ఎ.ఇ. జట్టుకు ఆట నేర్పారు. కాలిఫోర్నియాలో స్థిరపడి అక్కడి పిల్లలకూ నేర్పారు. మాల్దీవుల కుర్రవాళ్లకు టెస్టులు లేవు, పేరూ లేదు. అయినా వెళ్లారు. 2025 మార్చి 12న, 83 ఏండ్ల వయసులో, కాలిఫోర్నియాలోనే కన్నుమూశారు.

ఇప్పుడు నా తప్పొకటి చెప్పుకోవాలి. నేను ఉర్దూ మీడియం పిల్లలకు పాఠాలు చెప్పేవాణ్ణి. పదో తరగతి పరీక్షల ముందు ఒక కుర్రవాడి బ్యాటు లాక్కుని అల్మారాలో పెట్టి తాళం వేశాను. వాడి మేలు కోరే చేశాననుకున్నాను. పరీక్షలు అయిపోయాయి, వాడు బ్యాటు కోసం రాలేదు. తరువాత తెలిసింది, ఇక్కడే ఒక షెడ్డులో పనికి కుదిరాడని. ఆట మాన్పించాను గాని చదువులో నిలబెట్టలేకపోయాను. ఆబిద్ అలీ గారిని స్కూలు జట్టుకు ఎంచినవారు నాలాంటివారే అయి ఉంటే ఓవల్ దాకా ఎవరు వెళ్లేవారు?

ప్రతి పిల్లవాడూ టెస్టు ఆటగాడు కాడు, నాకు తెలుసు. చదువు ముందే ఉండాలి. కాని మనలో ఒకప్పుడు ఆడినవారు ఉన్నారు. ఆదివారం ఒక్క గంట పిల్లల దగ్గర నిలబడి, బ్యాటు పట్టడం కన్నా ముందు బంతి ఆపడం నేర్పండి. ఆ గంటలోనే వాడి చదువు సంగతీ అడగవచ్చు.

ఆ బ్యాటు ఇంకా నా అల్మారాలోనే ఉంది. ఈ ఆదివారం వాడి ఇంటికి వెళ్లి నా చేతులతో ఇచ్చి వస్తాను.