చేవెళ్ల, మొయినాబాద్: ప్లాట్ల ధర అందరికీ తెలుసు, ఊళ్ల విలువే తెలియదు

2025 జనవరిలో రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్ల, మొయినాబాద్ మున్సిపాలిటీలయ్యాయి. నిన్నటిదాకా గ్రామ పంచాయతీలుగా ఉన్న ఊళ్లకు ఇప్పుడు వార్డులు, మున్సిపల్ కమిషనర్లు వచ్చారు. హైదరాబాద్ నుంచి బీజాపూర్ రోడ్డు పట్టుకుని వెళ్తే ముందు మొయినాబాద్ వస్తుంది, ఆ తర్వాత చేవెళ్ల. రెండూ కలిపి పట్నానికి గంట, గంటన్నర దూరంలోనే ఉన్నాయి. అయినా పట్నం జనాన్ని అడిగితే చెప్పేది మూడే ముక్కలు: ఫాంహౌసులు, ప్లాట్లు, చిలుకూరు వీసా బాలాజీ గుడి. రాజకీయాలు గుర్తున్నవాళ్లు ఇంకో మాట కలుపుతారు, 2003 ఏప్రిల్ 9న వై.ఎస్. రాజశేఖరరెడ్డి పాదయాత్ర చేవెళ్ల నుంచే మొదలైందని. ఇక్కడి ఆస్తి అంతకంటే చాలా పెద్దది.

ముందు పేర్ల సంగతి. 'మొయీన్' అంటే సాయం చేసేవాడు, 'ఆబాద్' అంటే జనంతో నిండిన చోటు. చుట్టూ ఉన్న ఊళ్లు చూడండి: ముర్తుజాగూడ, కాసింబౌలి, అజీజ్‌నగర్, హిమాయత్‌నగర్, బాకారం జాగీర్. చేవెళ్ల వైపు మీర్జాగూడ. మనిషి పేరు ముర్తుజా, వెనకాల తగిలించింది తెలుగు గూడెం. కాసిం పేరు పక్కన బావికి ఉర్దూ మాట బౌలి. వీటి మధ్యలోనే కనకమామిడి, పెద్దమంగళారం, చిలుకూరు. ఈ కలగలుపును ఎవరూ కూర్చుని తయారు చేయలేదు. పొలం గట్ల మీద, సంతలో, కచేరీలో తరతరాలుగా కలిసి బతికిన జనం నోట అలా స్థిరపడింది. పిల్లలకు ఉర్దూ, తెలుగు రెండూ నేర్పించాలా అని తర్జనభర్జన పడే కుటుంబాలకు ఈ ఊరి బోర్డులే జవాబు.

జిల్లా పేరు కూడా ఇక్కడిదే. మొయినాబాద్ మండలం పెద్దమంగళారానికి చెందిన కొండా వెంకట రంగారెడ్డి, ఉర్దూ కోర్టు భాషగా ఉన్న నిజాం రాజ్యంలో వకీలు. 1956 ఫిబ్రవరి 20న కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం మీద తెలంగాణ తరఫున సంతకం చేసినవాళ్లలో ఆయన ఒకరు. తర్వాత ఆంధ్రప్రదేశ్ ఉపముఖ్యమంత్రిగానూ పనిచేశారు. 1978 ఆగస్టు 15న ఏర్పడిన జిల్లాకు ఆయన పేరు పెట్టారు. ఆ పేరు రోజూ రాసే లక్షల మందిలో ఎంతమందికి ఆయన ఊరు తెలుసో!

ఇక నీళ్లు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేసింది. వేలమంది చనిపోయారు. ఆ తర్వాత ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. వరదను పట్నానికి ఎగువనే ఆపాలన్నది ఆయన సలహా. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో 1920లో మూసీ మీద ఉస్మాన్ సాగర్, 1927లో ఈసీ మీద హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. మొదటిదాన్నే జనం గండిపేట అంటారు. రెండోదానికి నిజాం పెద్ద కొడుకు హిమాయత్ అలీ ఖాన్ (ఆజం జా) పేరు. ఒకదాని సామర్థ్యం 3.9 టీఎంసీలు, రెండోదానిది దాదాపు 3. గండిపేట నుంచి ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్ల దాకా నీళ్లు మోటార్ల అవసరం లేకుండా వాలు మీదనే కాలువలో పారి వచ్చేవి. గండిపేట నీళ్లు తాగినోళ్లు హైదరాబాద్ వదిలిపోరన్న మాట ఊరికే పుట్టలేదు. అయితే ఆ చెరువులకు చేరే నీళ్లలో చాలా భాగం చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు చేల మీద, కుంటల మీద పడిన వానే అన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పుకోరు.

ఈ నీళ్ల కోసం ఈ ఊళ్లు కట్టిన మూల్యం తక్కువేం కాదు. 1996 మార్చి 8న వచ్చిన జీవో 111 జంట జలాశయాలకు 10 కిలోమీటర్ల పరిధిలో ఉన్న 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను ఆపింది. మొయినాబాద్ మండలంలో ఎక్కువ ఊళ్లు ఆ జాబితాలోనే ఉన్నాయి. శంషాబాద్ దగ్గర పెద్దషాపూర్‌లో ఒక నూనె కంపెనీ ఫ్యాక్టరీ పెట్టబోతే కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1999 జనవరి 27న ఆ కేసులో వచ్చిన తీర్పు చాలా ముఖ్యమైనది. నష్టం జరిగాక చూద్దామనడం కాదు, జరగదని ముందే తేలాలి, ఆ భారం ఫ్యాక్టరీ పెట్టేవాడిదేనని కోర్టు చెప్పింది. దేశంలో పర్యావరణ చట్టం చదివే ప్రతి విద్యార్థీ ఈ రెండు చెరువుల కేసు చదవాల్సిందే.

రైతు కోపంలో మాత్రం న్యాయం ఉంది. చెరువుకు అవతలి గట్టున ఉన్న కోకాపేటలో 2023 ఆగస్టులో ఎకరం వంద కోట్లు దాటి పలికింది. ఇవతల ఉన్నవాడు బిడ్డ పెళ్లికి అరెకరం అమ్ముదామన్నా ఆంక్షల పేరు చెప్పి ధర తెగ్గొట్టారు. పట్నం దాహం తీర్చినందుకు పట్నం వీళ్లకు పైసా ఇవ్వలేదు. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆంక్షలు సడలించారు, 2023 మేలో పూర్తిగా ఎత్తేయాలని అప్పటి కేబినెట్ నిర్ణయించింది. బాధ నిజమే గానీ మందు సరైనది కాదు. పరిహారం ఇవ్వాల్సిన చోట పర్మిషన్ ఇచ్చారు. పర్మిషన్‌తో లాభపడేది ముందే భూములు కొని పెట్టుకున్నవాళ్లు, ఇప్పటికే అమ్ముకున్న చిన్న రైతు కాదు.

చెట్ల కథలో చిక్కు ఇంకా ఎక్కువ. పోలీస్ అకాడమీ జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డుకు రెండు పక్కలా దాదాపు 900 మర్రిచెట్లు ఉన్నాయి. నిజాం కాలంలో బండ్ల మీద, కాలినడకన పోయేవాళ్ల నీడ కోసం పెంచినవని పెద్దలు చెబుతారు. రోడ్డును నాలుగు లైన్లు చేయాలన్న పని ఏళ్ల తరబడి సాగలేదు. భూసేకరణ ఒక కారణం, జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో చెట్ల కేసు మరొకటి. ఇంతలో 2025 నవంబర్ 3 తెల్లవారుజామున మీర్జాగూడ దగ్గర, తాండూరు నుంచి పట్నం వస్తున్న ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొట్టింది. 19 మంది పోయారు. చదువుకోడానికి, ఉద్యోగాలకు బయల్దేరిన పిల్లలు అందులో ఉన్నారు. ఆ రోజు తర్వాత ఆ ఊళ్లలో చెట్ల గురించి మాట్లాడాలంటే గొంతు పెగలని పరిస్థితి. అయినా రోడ్డు వెడల్పు కావడం, చెట్లు ఉండటం ఒకదానికొకటి శత్రువులు కావు. పాత చెట్ల వరసను మధ్యలో ఉంచి పక్కన కొత్త దారి వేయడం కొత్త విద్యేమీ కాదు. ఎక్కువ చెట్లను ఉన్నచోటే ఉంచి, కొన్నింటిని వేళ్లతో సహా వేరే చోటికి మార్చేలా డిజైన్ సవరించాకే పనులకు దారి పడింది. ఇది పదేళ్ల ముందే జరగాల్సింది.

మహబూబ్‌నగర్‌లో ఒక్క మర్రి, పిల్లలమర్రి, టికెట్ కొని చూసే చోటైంది. 2018లో చెదలు పట్టినప్పుడు దానికి సెలైన్ సీసాలు కట్టి మరీ మందు ఎక్కించారు. ఇక్కడ వందల చెట్లున్నాయి, ఒక్క బోర్డూ లేదు. మొయినాబాద్ మండలం ఎన్కేపల్లిలో 2023లో జైన తీర్థంకరుల బొమ్మలు చెక్కిన రెండు రాతి స్తంభాలు బయటపడ్డాయి. చెరువు తూము గోడలో ఇరికించి ఉన్న ఆ రాళ్లు 9, 10 శతాబ్దాల నాటివి, వాటి మీద పాత తెలుగు, కన్నడ లిపిలో రాత ఉంది. చిలుకూరులో జైన బసది ఉండేదనడానికి అదో ఆధారం. అలాంటి రాయి ఏ స్కూలు పిల్లలైనా బస్సెక్కి వచ్చి చూసేలా ఉండాలి. చిలుకూరులోనే మృగవని జాతీయ పార్కు ఉంది, 1994 నుంచి. గుడికి వచ్చిన వేలమందిలో అటు తిరిగేవాళ్లు ఎందరు?

అన్నిటికంటే చేతిలో ఉన్న ఆస్తి ఎర్ర నేల. చేవెళ్ల, మొయినాబాద్ చేలల్లో గులాబీ, చామంతి, బంతి, పాలీహౌసుల్లో జర్బెరా పండుతాయి. క్యారెట్, టమాటా, ఆకుకూరలు సరేసరి. తెల్లారకముందే గుడిమల్కాపూర్ మార్కెట్‌కు చేరే పూలలో ఈ రైతులవి చాలానే. పెళ్లికొడుకు సెహ్రాలో, దర్గా మీద కప్పే పూల చాదర్‌లో, గుళ్లో దండలో అవే పూలు. కోసిన పూలు ఎండలో వాడకుండా ఊళ్లోనే పెట్టుకునే చల్లని గది దొరికితే బేరం రైతు చేతిలో ఉంటుంది, లేకపోతే దళారి చేతిలో. భూదాన్ పోచంపల్లికి 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామంగా గుర్తింపు ఇచ్చింది, మగ్గం చేసిన పని అది. కొత్త మున్సిపాలిటీలు మొదటి మాస్టర్ ప్లాన్ గీసేటప్పుడు పూల మార్కెట్‌కు, కుంటలకు, వాటికి నీళ్లు తెచ్చే వాగులకు హద్దులు గీసి పెడితే చాలు. లేఅవుట్ రాళ్లు పాతేవాళ్లు ఎలాగూ ఆగరు, కొన్నిచోట్ల వాగు మధ్యలోనే పాతేశారు.