సరిహద్దు పల్లెలు – క్షయవ్యాధి – మన బిడ్డలు

ఈ శతవార్షికోత్సవ వేళ మన పెద్దలు కట్టిన ఆలయములను, పాఠశాలలను స్మరించుకొనుచున్నాము. వానితోబాటు క్షయరోగుల మధ్య జరిగిన సేవను కూడ జ్ఞాపకము చేసికొనుట న్యాయమని తలంచి మేము ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

క్షయకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నట్లు రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న బెర్లినులో ప్రకటించెను. అయినను సరియైన మందు దొరకుటకు అరువది యేండ్లకు పైగా పట్టెను. అంతవరకు రోగికి మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, ఇవే ఆదరువు. అందుకొరకే పలు మిషనులు ఏకమై మదనపల్లె యొద్ద ఆరోగ్యవరమున 1915లో శానిటోరియమును తెరచెను. డెన్మార్కు దేశస్థుడగు డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి తొలి సూపరింటెండెంటు.

అది తెలుగు, కన్నడ, తమిళ సీమలు కలిసికొను మెట్టప్రాంతము. వాన తప్పిన యేట కుటుంబములు కోలారు బంగారు గనులకో, బెంగుళూరుకో తరలిపోవుట అచ్చట పాత సంగతియే. గనిలోని రాతిధూళి ఊపిరితిత్తులను చెరుపును. చెడిన ఊపిరితిత్తులలో క్షయ సులభముగా చొరబడును. దగ్గుచు తిరిగివచ్చిన తండ్రి ప్రక్కనే పసిబిడ్డ పండుకొనును. బిడ్డలకు ఈ వ్యాధి వచ్చునది సాధారణముగా ఇంటి పెద్దల నుండియే. పసివారికి కఫము ఉమియుట చేతకాదు గనుక పరీక్షలో పలుమారు బయటపడదు. బరువు పెరుగకపోవుట, తగ్గని జ్వరము, ఇవే గురుతులు.

1948లో మన దేశమున బి.సి.జి. టీకా తొలుత ప్రారంభమైన చోట్లలో మదనపల్లె యొకటి. ఆ టీకా పెద్దల ఊపిరితిత్తుల క్షయను ఆపలేదని 1968లో మొదలైన చెంగల్పట్టు పరిశోధన తేల్చెను. అయినను పసిబిడ్డలను మెదడు క్షయ నుండి చాలవరకు కాపాడును.

ఇంటనే మందులు వాడినను శానిటోరియములో వలెనే నయమగునని 1959లో మద్రాసు పరిశోధన చూపెను. రోగికి చెర విడిపోయెను. కాని ఇంటివైద్యమునకు ఇల్లు నిలుకడగా నుండవలెను గదా! ఇల్లే వలస పోయినచో?

మా పరిచర్యలోని ఒక సరిహద్దు పల్లెలో, తండ్రి మందులు వాడుచుండగానే కుటుంబము కట్టడపు పనులకై బెంగుళూరు పోయెను. మందుల కార్డు ఇంటి దూలపు సందున దోపినది దోపినట్లే యుండెను. మరుసటి యేడు వారు తిరిగి వచ్చునప్పటికి నాలుగేండ్ల బిడ్డకు మెదడు క్షయ సోకి మాట పడిపోయియుండెను. వారు వెళ్లునాడు సంఘ బదిలీ పత్రము వ్రాసి యిచ్చినది మేమే. మందుల సంగతి మాత్రము అడుగలేదు.

కోలారు గనులు 2001లో మూతపడెను, వలస ఆగలేదు. 2012 నుండి ప్రభుత్వము నిక్షయ్ అను పట్టికలో రోగుల వివరములు ఎక్కించుచున్నది గనుక, ఒక రాష్ట్రమున మొదలైన వైద్యమును మరియొక రాష్ట్రమున కొనసాగించుకొనవచ్చును. రోగి యింటి పసివారికి ముందుజాగ్రత్త మందు కూడ కలదు. అయితే ఎవరో ఒకరు అడుగవలెను. ఇకమీదట బదిలీ పత్రము వ్రాయునప్పుడెల్ల, “ఇంట దగ్గువారెవరు? కార్డు చేతనున్నదా?” అని అడుగుట కూడ మన పరిచర్యయే. ఆరోగ్యవరమును స్థాపించిన పెద్దలకు మనమీయగల గౌరవమిదియే.